ఆరో దొంతిలో పరిగెల ఆసుపత్రి

నీటివంతు 41

రొయ్యపిల్లల హేచరీలో ముప్పై ఏళ్ళు లాగ్ పుస్తకం రాసిన చెయ్యి ఇది. రిటైరై ఆరేళ్ళయినా ఊరుకోవడం లేదు. ఈరోజు దానికి పని దొరికింది.

పొద్దున చెత్త పారేయడానికి వెళ్తే, మా పదకొండో అంతస్తు చెత్తగొట్టం మూత మీద ఒక బిస్కెట్ల కవరు. అందులో రెండు గుక్కల నీళ్ళు, ఒక పరిగె చేప. పక్కకు ఒరిగి, నోరు తెరిచి మూస్తూ ఉంది. ఒంటి మీద ఎర్రగీత పూర్తిగా వెలిసిపోయి, ఉతికి ఆరేసిన పాతగుడ్డ అంచులా ఉంది.

ఎవరో తెలివైనవాళ్ళు గొట్టంలో వేయడానికి మనసొప్పక, ఇంట్లో ఉంచుకోవడానికి పరువు ఒప్పక, మూత మీద పెట్టి పోయారు. దయాగుణం అక్కడితో ఆగిపోయింది.

కుళాయి నీళ్ళు ముందు గాజుతొట్టిలోకి రావాలి, తొట్టిలో పరిగె ఈదాలి, ఆ తర్వాతే మన గ్లాసులోకి రావాలి. సముద్రం పాత ఊరిని మింగి, మమ్మల్నందరినీ ఈ ఇరవై రెండు అంతస్తుల దొంతుల్లోకి ఎక్కించినప్పుడు నీటిబోర్డు పెట్టిన నియమం ఇది. నీళ్ళు రోజూ రావు, వంతులవారీగా వస్తాయి, మా రోజుల లెక్క కూడా ఆ వంతులతోనే. నీళ్ళు మంచివైతే పరిగె గీత ఎర్రగా ఉంటుంది, చెడితే వెలిసిపోతుంది. ల్యాబులో కష్టపడి పుట్టించిన చేప. మావాళ్ళు దాన్ని ఏం చేశారంటే, ఇంటి శుభ్రతకు గుర్తు చేసి కూర్చోబెట్టారు. గీత వెలిసిందంటే ఆ ఇల్లాలు మురికిది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ముందు పిల్లను కాదు, తొట్టిని చూస్తున్నారు.

నా తొట్టిలో పరిగెకు ఆరేళ్ళుగా గీత చెదరలేదు. ఊరికే వస్తుందా?

కవరులోని రోగిని ఐస్‌క్రీము డబ్బాలోకి మార్చాను. నా కుళాయి నీళ్ళు, చిటికెడు కళ్ళుప్పు, గాలి బుడగలకు చిన్న మోటారు. బతికితే చూద్దాం.

నీటివంతు 44

బతికింది. మూడో వంతుకే గీత తిరిగి వచ్చింది.

వార్త దొంతి అంతా పాకింది. లిఫ్టులో చెప్పుకోరు, మెట్ల మీద గుసగుసలాడుకుంటారు. ఒకావిడ హాట్‌బాక్సులో తెచ్చింది, పులిహోర అని చెప్పి. ఇంకొకాయన హెల్మెట్లో నీళ్ళు పోసి తెచ్చాడు. పదిహేడో అంతస్తు ఆవిడ చేపకు గీత నిగనిగలాడుతోంది, మరి ఎందుకు తెచ్చారమ్మా అని వేలితో తాకాను. వేలికి ఎరుపు అంటుకుంది. పారాణి! చేపకు పారాణి పెట్టింది మహాతల్లి, మట్టెలొక్కటే తక్కువ.

"మొన్న మా ఆడపడుచు వచ్చిందండీ. ఏం చెయ్యమంటారు మరి?" అంది, తప్పంతా ఆడపడుచుదే అన్నట్టు.

పారాణి కడిగి డబ్బాలో వేశాను. ఏం పెడుతున్నారని అడిగితే ఒకరు ఉప్మా, ఒకరు బూందీ మిక్చరు. ఒకాయన ఏకాదశికి చేపను కూడా పస్తు ఉంచుతాడట. వీళ్ళ చేతుల్లో పడ్డ పరిగెల గీతలు వెలవక ఏం చేస్తాయి?

ఏడు డబ్బాలు నిండాయి. హాల్లో సోఫా అవతలికి జరిపాను. ఎలాగూ దాని మీద కూర్చునేవాళ్ళంతా నాకు నచ్చనివాళ్ళే.

నీటివంతు 52

దొంతి సంఘం అధ్యక్షుడు పేరూరి విశ్వంభరం గారు వచ్చారు, వెనక ఫోటోలు తీసేవాడితో. నా గుమ్మానికి 'మత్స్య ఆరోగ్య సేవా నిలయం' అని బోర్డు కొట్టించారు. తన పేరు నా పేరు కంటే పెద్దగా ఉంది. ఆయన ఉపన్యాసం మొదలుపెడితే చేపలు కూడా అడుగుకు దిగిపోతాయి.

అయితే ఒక పని మాత్రం పనికొచ్చేది చేశారు. నీటిబోర్డు తనిఖీకి వచ్చినప్పుడు ఏ తొట్టయినా ఖాళీగా ఉంటే, 'చేప చికిత్సలో ఉంది' అని నేను సంతకం పెట్టిన చీటీ చూపిస్తే చాలట. బోర్డును ఒప్పించారు. చేపను దాచుకోనక్కర్లేదు, పారాణి పూయనక్కర్లేదు. రోగం వస్తే నా దగ్గరికి తేవచ్చు. మంచిదే అనుకున్నాను.

సాయంత్రం మూడో అంతస్తు నుంచి నూకరత్నం వచ్చింది. అక్కడ పనులకు వెళ్ళే తల్లుల పిల్లల్ని చూసుకునే గది ఉంది, ఆమె అక్కడ ఆయా. రెండు చేతులా స్టీలు గిన్నె పట్టుకుని, మూడో అంతస్తు నుంచి మెట్లెక్కి వచ్చింది. లిఫ్టు కుదుపుకు చేప బెదురుతుందట.

"దీని పేరు బూందీ అండి. పిల్లలు ఎట్టారు. నయమైపోద్దాండి?"

"ఏం పెట్టావ్ దీనికి?"

"ఏం ఎట్టలేదండి. బోర్డోళ్ళిచ్చిన మేతేనండి, ఆయ్."

అందరూ అదే చెబుతారు. డబ్బాలో వేసి, మూడు వంతుల తర్వాత రమ్మన్నాను. వెళ్తూ వెళ్తూ, "పిల్లలు ఈ మధ్య మజ్జానం తెగ పడుకుండిపోతన్నారండి, లేపినా లెగట్లేదు" అంది. అదృష్టవంతురాలివి, పై అంతస్తులవాళ్ళనూ కాసేపు నీ గదిలో పడుకోబెట్టు, మాకు ప్రశాంతంగా ఉంటుంది అన్నాను. నవ్వలేదు. ఈ మనుషులకు హాస్యం తెలియదు.

నీటివంతు 59

చేర్చుకున్నవి ఇరవై ఆరు. నయమైనవి ఇరవై అయిదు. చనిపోయింది ఒక్కటి, అదీ ఏకాదశి ఆయనది.

హేచరీలో మా మేనేజరు నన్ను 'ఉప్పు డాక్టరు' అని ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు రమ్మనండి చూద్దాం.

తనిఖీలో వెలిసిన గీత ఒక్కటీ దొరకని దొంతికి నీటిబోర్డు ఇచ్చే పచ్చబోర్డు మాకు వరుసగా ఇది పన్నెండోది. పచ్చబోర్డున్న దొంతికి నీళ్ళు వంతు రోజు నాలుగు గంటలు, లేకపోతే రెండే. అందుకని జనం నన్ను లిఫ్టులో ముందుకు పంపుతున్నారు. ఒకావిడ సున్నుండలు తెచ్చింది. చేపకు కాదు కదా అని అడిగి తీసుకున్నాను.

బూందీ మళ్ళీ వచ్చింది, గీత సగం వెలిసి. నూకరత్నం మొహం చూస్తే దాని గీత కూడా వెలిసినట్టే ఉంది. తొట్టి ఎలా కడగాలో ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. చదివించుకోమన్నాను.

"నాకు సదువొచ్చండి," అంది నెమ్మదిగా.

నీటివంతు 66

మూడోసారి! ఈసారి బూందీ తలకిందులుగా తేలుతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నలుగురి ముందూ కడిగిపారేశాను. సబ్బు చేతులు తొట్టిలో పెడుతున్నావు, పిల్లల ఎంగిలి మెతుకులు వేస్తున్నావు, చిన్న చేపను చూసుకోలేనిదానివి ఇరవైమంది పిల్లల్ని ఏం చూస్తావు అన్నాను. చేపలు పట్టుకొచ్చిన తక్కినవాళ్ళంతా తమను అనలేదు కదా అన్న ఆనందంతో తలలూపారు.

నూకరత్నం ఏడవలేదు. గిన్నె నేలమీద పెట్టింది.

"ఓరోజు వచ్చి మా గదిలో కూకోండి కాంతమ్మగారూ. ఎక్కడ తప్పో మీరే సూపించండి. దిద్దుకుంటాను."

వస్తాను అన్నాను. తప్పు పట్టుకుని ఆమె మొహాన కొట్టాలని నాకు సరదాగానే ఉంది.

నీటివంతు 69

నయమైన బూందీని గిన్నెలో పెట్టుకుని పొద్దున ఎనిమిదింటికే దిగాను. కావాలనే నీళ్ళొచ్చే రోజు చూసుకుని వెళ్ళాను, ఆమె తొట్టి నింపేటప్పుడు చేసే అపచారం కళ్ళారా చూద్దామని.

పిల్లల కుర్చీలో కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పిల్లలు 'చేపల మామ్మ' అంటూ చుట్టూ చేరారు, నా చీర కుచ్చిళ్ళకు ముక్కులు తుడుచుకున్నారు.

తొట్టి చూశాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాస్తాను. నా తొట్టి కంటే శుభ్రంగా ఉంది. గులకరాళ్ళు కూడా విడివిడిగా తోమి ఉన్నాయి. మేత చెంచా వేరే, గుడ్డ వేరే. చెయ్యి పెట్టేముందు నూకరత్నం మోచేతుల దాకా కడుక్కుంది. నేను రాసిచ్చిన కాగితం గోడకు అంటించి ఉంది. దాని మీద నేను చేసిన అక్షరదోషం ఒకటి పెన్సిలుతో దిద్ది ఉంది.

తొమ్మిదిన్నరకు నీళ్ళొచ్చాయి. గొట్టం గురగురలాడి తొట్టిలోకి ధార పడింది. బూందీ ధారలోకి సంతోషంగా ఎదురీదింది. ఎవరూ ఏమీ వేయలేదు. ఎవరూ ముట్టుకోలేదు. నేను కళ్ళు తిప్పలేదు.

పదకొండింటికి గీత తోకవైపు నుంచి వెలవడం మొదలైంది. పన్నెండింటికి సగం లేదు.

అప్పటికి పిల్లలు అన్నాలు తిని, ఆ తొట్టి కింది కుళాయికి గ్లాసులు పట్టుకుని, తలా ఒక గ్లాసు తాగేశారు. ఒంటిగంటకల్లా ఇరవైమందీ చాపల మీద పడిపోయారు. అది నిద్ర కాదు. ఒక పాప చెయ్యి ఎత్తి వదిలాను, తడిగుడ్డలా పడింది.

"నేను సెప్పానండి మీకు. తెగ పడుకుండిపోతన్నారని," అంది నూకరత్నం.

చెప్పింది. నేను హాస్యమాడాను.

నీటివంతు 70

రాత పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. చేర్చుకున్నవి ముప్పై తొమ్మిది. మొదటి కవరు చేప తప్ప, ప్రతి చేప పక్కనా ఇంటి నంబరు నా చేత్తోనే రాశాను, గుండ్రంగా, అందంగా. అన్నీ పడమటివైపు ఇళ్ళు. తూర్పువైపు నుంచి ఒక్కటంటే ఒక్కటి లేదు.

దొంతికి రెండు గొట్టాలు. తూర్పుది ఒకటి, పడమటిది ఒకటి. నాది తూర్పు ఇల్లు.

ఒక పడమటి చేపను తీసి, ఉప్పు లేకుండా, ఏ మందూ లేకుండా నా కుళాయి నీళ్ళలో వదిలాను. మిగతావాటికి ఎప్పటిలాగే ఉప్పు వేశాను. అన్నీ ఒకేసారి ఎర్రబడ్డాయి.

అంటే నా ఉప్పు ఒట్టిది. ముప్పై ఏళ్ళ అనుభవం ఒట్టిది. వాటికి నయం చేసింది తూర్పు గొట్టం. నా తొట్టిలో ఆరేళ్ళుగా గీత చెదరకపోవడానికి కారణం కూడా నేను కాదు. నీళ్ళు చెడ్డాయని చెప్పడానికి పుట్టించిన చేపను, అది నోరు తెరిచిన ప్రతిసారీ మంచినీళ్ళలో ముంచి నోరు మూయించాను. పైన సంతకం పెట్టి చీటీ ఇచ్చాను. పారాణి పూసినావిడను చూసి ఎంత నవ్వాను! నేను దొంతి మొత్తానికి పూశాను.

వీళ్ళందరికంటే తెలివితక్కువదాన్ని నేనే. మిగతావాళ్ళకు కనీసం హేచరీ అనుభవం లేదు.

నీటివంతు 71

నీటిబోర్డుకు ఫోన్ చేశాను. యంత్రం మాట్లాడింది. 'మీ తొట్టిని శుభ్రం చేసుకోండి' అంది. నాలాంటిదాన్నే ఎవరో అందులో కూర్చోబెట్టినట్టున్నారు.

విశ్వంభరం గారి దగ్గరికి వెళ్ళాను. పుస్తకం చూపించాను. ఆయన పేజీలు తిప్పలేదు, అట్ట మీద చెయ్యి వేసి నవ్వారు.

"మేడమ్ గారూ, గొట్టం మూసేశారంటే ఏమవుద్దో తెలుసాండీ? పచ్చబోర్డు పోద్ది. నెల్లాళ్ళు ట్యాంకరు నీళ్ళు కిందనుంచి మోసుకోవాలండి ఇరవై రెండు అంతస్తులూ. ముసలోళ్ళున్నారు, బాలింతలున్నారు. మీరేమో చక్కగా నయం చేసేత్తన్నారు కదా. ఇంకేటండి బాధ?"

"పిల్లలకు ఎవరు నయం చేస్తారండీ?"

"ఎండలండి. ఎండలకి పిల్లలు అలాగే తోటకూర కాడల్లాగ వాడిపోతారు." తర్వాత గొంతు తగ్గించారు. "తనిఖీ నాడే మీకు సన్మానం పెట్టానండి. శాలువా ఆర్డరు కూడా ఇచ్చేశాను."

తనిఖీలో సొంత తొట్టిలో, ఇన్‌స్పెక్టరు కళ్ళముందు, గీత లేని చేప ఒక్కటి ఉంటే చాలు. అక్కడికక్కడే ఆ గొట్టం మూసేసి విప్పి చూస్తారు. నియమం అంత సులువైనది. ఇన్నాళ్ళూ అడ్డం పడింది నా చీటీ.

ఈరోజు నుంచి నా ఇంటి నీళ్ళు బిందెతో పిల్లల గదికి మోస్తున్నాం, నూకరత్నం ఒకపక్క, నేను ఒకపక్క. వాటినే తొట్టిలోనూ పోస్తే బూందీ గీత మళ్ళీ ఎర్రబడింది. కానీ సాయంత్రం ఆ పిల్లలు వెళ్ళేది పడమటి ఇళ్ళకే. అక్కడ తాగే నీళ్ళను ఏ బిందెతో ఆపను?

నీటివంతు 73

నా దగ్గరున్న పదమూడు చేపల్నీ ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాను. గుమ్మం మీద కాగితం అంటించాను. 'చీటీలు ఇవ్వబడవు. గీత వెలిసిన చేపను తొట్టిలోనే ఉంచండి. వెలిసింది నీళ్ళ వల్ల, మీ వల్ల కాదు.'

ఆఖరి వాక్యం ఒక్కరూ నమ్మలేదు. ఇన్నాళ్ళూ మీ వల్లే అని తిట్టింది నేనే కదా.

పగలంతా తలుపు బాదారు. సున్నుండలావిడ డబ్బా తిరిగి ఇచ్చేయమంది. తలుపు సందులోంచి ఖాళీ డబ్బా ఇచ్చాను. తర్వాత విన్నాను, పడమటివాళ్ళంతా తూర్పువాళ్ళ దగ్గర చేపల్ని అరువు తెచ్చుకుంటున్నారట, దొరకనివాళ్ళు పారాణి. పరువు దగ్గర మావాళ్ళ తెలివి అమోఘం.

మిగిలింది బూందీ ఒక్కటే.

తనిఖీ రోజు దాన్ని ఆ పడమటి నీళ్ళలోనే ఉంచుతావా అని నూకరత్నాన్ని అడిగాను. నీ ఉద్యోగం సంఘం చేతిలో ఉంది, బాగా ఆలోచించుకో అన్నాను. ఆ రోజు నలుగురి ముందూ అన్న మాటలకు క్షమించమని కూడా అడిగాను. నా నోటికి అది అలవాటు లేక రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"ఉజ్జోగం పోతే ఇంకోటి సూసుకుంటానండి," అంది. "కానండి, బూందీ సచ్చిపోద్దాండి?"

"పోవచ్చు. ఇప్పటికి నాలుగుసార్లు దెబ్బతింది. ఐదోసారి తట్టుకోదు."

ఆమె గుడ్డ తీసుకుని తొట్టి గాజు తుడవడం మొదలుపెట్టింది.

నీటివంతు 75, తనిఖీ

పొద్దున ఏడింటికే నీళ్ళు వదిలారు. ఎనిమిదింటికి బూందీ గీత మొత్తం పోయింది. తొమ్మిదింటికి పక్కకు ఒరిగింది.

నేను తొట్టి ముందు పిల్లల కుర్చీలో కూర్చున్నాను. విశ్వంభరం గారు శాలువాతో, దండతో, వెనక సగం దొంతితో వచ్చారు. ఆయన జేబులోంచి చీటీ తీశారు, తేదీ వేసి, అంతా రాసి ఉంది. నా సంతకం ఒక్కటే తక్కువ.

"ఒక్క సంతకం మేడమ్ గారూ. చేపనట్టుకుని పైకెళ్ళిపోండి. అదీ బతుకుద్ది, మనమూ బతుకుతాం."

నిజమే. ఎనిమిది అంతస్తులు ఎక్కితే చాలు. నా డబ్బాలో గాలి బుడగలు వస్తూనే ఉన్నాయి. అరగంటలో లేచి ఈదుతుంది.

నూకరత్నం పిల్లల్ని లోపల కూర్చోబెట్టింది, కానీ ఒక పిల్ల జారుకుని వచ్చింది. మొన్న నేను చెయ్యి ఎత్తి వదిలిన పాప. తొట్టికి ముక్కు ఆనించి చూసింది.

"మామ్మా, బూందీకి జొరం. మీ ఇంటికి తీసుకెళ్ళవా?"

"తీసుకెళ్ళనమ్మా."

"నీకు నయం సెయ్యడం వచ్చు కదా!"

వచ్చు అన్నాను. మరి ఎందుకు చెయ్యవు అని అడిగింది. నాకు జవాబు ఉంది, అది నాలుగేళ్ళ పిల్లకు చెప్పగలిగేది కాదు. వెనక ఎవరో "రాతిగుండె" అన్నారు. ఇంకెవరో "మతి పోయింది ముసలిదానికి" అన్నారు. ఏడుపు వచ్చింది. అందరి ముందూ ఏడ్చాను. ఆ పిల్ల నా చీర కుచ్చిళ్ళతో నా మొహం తుడవబోయింది. అందులో దాని చీమిడే ఉంది.

పదిన్నరకు ఇన్‌స్పెక్టరు మేరీ సుగుణ గారు వచ్చారు. అప్పటికే పై ఇళ్ళు చూసి వచ్చినట్టున్నారు, వేళ్ళ కొనలు ఎర్రగా ఉన్నాయి. ఒకటికి రెండుసార్లు వంగి తొట్టిలోకి చూశారు.

"ఇది ఈ తొట్టి చేపేనాండీ?"

"ఈ తొట్టిదేనండి. పేరు బూందీ అండి," అంది నూకరత్నం.

"చీటీ ఉందా?"

విశ్వంభరం గారు చీటీ ముందుకు చాపారు. సుగుణ గారు కింద సంతకం కోసం చూశారు, తర్వాత నా వైపు చూశారు. లేదు అన్నట్టు తల ఊపాను. పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. ఆమె మూడు పేజీలు తిప్పి, ఇళ్ళ నంబర్ల దగ్గర వేలు ఆపి, ఫోన్ తీసి పడమటి గొట్టం మూయమన్నారు. ధార సన్నబడి, చుక్కలై ఆగింది.

తనిఖీ పని అయిపోయింది కాబట్టి, బూందీని పైకి తీసుకెళ్దామని గిన్నె కోసం లేచాను. నూకరత్నం అప్పటికే చెయ్యి తొట్టిలో పెట్టి ఉంది. బూందీ ఆమె అరచేతిలో ఉంది, మొప్పలు ఆడటం లేదు.

శాలువా కుర్చీ మీద మిగిలిపోయింది. ఎవరూ తీసుకోలేదు. నూకరత్నం అందులో బూందీని చుట్టింది.

నీటివంతు 88

గొట్టం విప్పారు. కింది నుంచి పైదాకా లోపలి పూత కరిగి, పొరలుపొరలుగా ఊడి వస్తోంది. ఆ వాసనకు పనివాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. నలుగురు పిల్లల్ని ఆసుపత్రిలో ఉంచి పంపారు. ఇంకో రెండు నెలలు తాగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడట. అది ఇక్కడ రాయను.

పచ్చబోర్డు పోయింది. నీళ్ళు రెండు గంటలే. పడమటివాళ్ళు ట్యాంకరు దగ్గర బిందెలు నింపుకుని మెట్లెక్కుతున్నారు, లిఫ్టు నీళ్ళతో పాడవుతుందని సంఘం ఆపేసింది. ఎక్కుతూ ప్రతి అంతస్తులోనూ ఆగి నన్ను తిడుతున్నారు. ఆయాసం వల్ల తిట్లు సగంలోనే ఆగిపోతున్నాయి. నా గుమ్మం మీది బోర్డు పీకేశారు. గోడకు నాలుగు మేకులు మిగిలాయి, వాటికి బిందెల కింద తల మీద పెట్టుకునే చుట్టకుదుళ్ళు తగిలించాను. సంఘం నూకరత్నాన్ని తీసేసింది. మూడో రోజు తల్లులంతా వెళ్ళి మళ్ళీ పెట్టించారు. మావాళ్ళకు అప్పుడప్పుడూ బుద్ధి వస్తుంది, ఎందుకో తెలియదు.

పుస్తకంలో బూందీ వరుస ఖాళీగా ఉంది. చేర్చుకున్న తేదీ, నయమైన తేదీ, తిరిగిచ్చిన తేదీ అని మూడు గడులు. నాలుగోసారికి మూడింట్లోనూ ఏమీ లేదు. పక్కన 'చేర్చుకోలేదు' అని రాశాను. కింద సంతకం పెట్టాను. ఈ పుస్తకం మొత్తంలో నేను సరిగ్గా పెట్టిన సంతకం అదొక్కటే.

ఈ మధ్యాహ్నం ఒక బిందె పట్టుకుని మూడో అంతస్తుకు దిగాను. తలుపు దగ్గర నూకరత్నం చెవులు మూసుకుని నిలబడి ఉంది. జుట్టు రేగిపోయింది, చీర మీద పప్పు మరకలు. లోపల ఏదో పగిలింది.

"వారం నుంచీ ఇదే గోలండి కాంతమ్మగారూ," అంది. "ఒక్కడూ పడుకోట్లేదండి."